రెండో బటన్

పదహారో నంబరు ఫోనును గాజుబల్ల మీద వెల్లకిలా పెట్టి ఒక మూలను వేలితో తోసింది పిన్ని. ఆరోగ్యంగా ఉన్న ఫోనైతే పావు చుట్టు తిరిగి ఆగిపోవాలి. ఇది బొంగరంలా మూడు చుట్లు తిరిగి, చూసేవాళ్లుంటే ఇంకో చుట్టు తిరుగుతానన్నట్టు నెమ్మదిగా ఆగింది. లోపల బ్యాటరీ ఉబ్బి వీపు గూని అయిందన్నమాట. కంటికీ చేతికీ తెలియని ఉబ్బు కూడా ఇలా తిప్పితే బయటపడుతుంది. ఈ కిటుకు ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఒకసారి తుడుస్తున్న ఫోను చేయి జారి, తిరుగుతూ తిరుగుతూ బల్ల అంచుదాకా పోయింది. అప్పటినుంచి ప్రతి సోమవారం అన్నిటినీ వరసగా తిప్పుతుంది. పదహారును ఇసుక పోసిన ఇనప డబ్బాలో పెట్టి మూత వేసి, పదిహేడును అందుకుంది.

ఆ గదిలో నూట పన్నెండు ఫోన్లున్నాయి. చెప్పుల దుకాణం మీద రెండో అంతస్తు, పొడవాటి గది, మూడు గోడలకూ చెక్క అరలు. బడిలో ఫొటోకు నిలబెట్టిన పిల్లల్లా ఫోన్లన్నీ ఎత్తు ప్రకారం నిలబడి ఉంటాయి. వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు తమ పేజీలు రకరకాల ఫోన్లలో ఎలా కనిపిస్తున్నాయో చూసుకోవడానికి ఇక్కడికి వస్తారు. తయారుచేసినవాడి కొత్త ఫోనులో నిగనిగలాడే పేజీ, ఇంకొకరి ఏడేళ్ల నాటి ఫోనులో చతికిలబడుతుంది. అన్ని రకాల ఫోన్లూ ఒక్కరే కొనుక్కోలేరు గదా. అందుకని తలా ఒకటి, తాము వాడి పక్కన పడేసినవి తెచ్చి ఇక్కడ పెట్టారు. ఎవరైనా వచ్చి వాడుకోవచ్చు, బయటికి మాత్రం తీసుకుపోకూడదు. ఊళ్లో అలాంటి గది ఇదొక్కటే.

పదకొండు ఫోన్లతో దీన్ని మొదలుపెట్టినవాడు ఆమె అక్క కొడుకు. నాలుగు రోజులు చూస్తూండు పిన్నీ అని తాళంచెవి చేతిలో పెట్టి, ఏడాది తిరక్కుండా వేరే ఉద్యోగంలో పడ్డాడు. ఆ నాలుగు రోజులూ తొమ్మిదేళ్లయ్యాయి. వాడు పిన్నీ అన్నాడు కాబట్టి తర్వాత వచ్చినవాళ్లందరూ అదే పట్టుకున్నారు. ఆమె కంటే నాలుగేళ్లు పెద్దవాడైన ఒక బట్టతలాయన కూడా కించిత్తు మొహమాటం లేకుండా, పిన్నీ, ఇరవై నాలుగు ఎక్కడ పెట్టావు అంటాడు.

పైకి చూస్తే పని ఏమీ లేదు. తుడవాలి, చార్జింగ్ పెట్టాలి, తీయాలి. తీగలు తగిలించి వదిలేస్తే ఉబ్బుతాయి, వదిలేయకపోతే చస్తాయి, అందుకని నలభై చొప్పున మూడు విడతలుగా పెడుతుంది. అసలు పని మాత్రం వాటిని మారకుండా చూడటం. పాత ఫోను పాతదిగా ఉంటేనే ఈ గదికి పనికొస్తుంది. ఫోన్లకు ఆ బుద్ధి ఉండదు. తెల్లారేసరికి నన్ను అప్‌డేట్ చెయ్యి, నన్ను అప్‌డేట్ చెయ్యి అని తెర మీద గోల పెడుతుంటాయి. ఒక్కొక్కదాని దగ్గరికీ వెళ్లి "తర్వాత" అని రాసి ఉన్నచోట నొక్కుతుంది. రెండేళ్ల కిందట ఒక కుర్ర ఇంజనీరు ఫోనుకు మేలు చేద్దామనుకుని నలభై మూడును అప్‌డేట్ చేసేశాడు. వెనక్కి తేవడానికి దారి లేదు. ఆ పూట పిన్ని అన్నం ముట్టలేదు.

నొక్కడం అంటే అందరూ నొక్కినట్టు కాదు. ఈ గదికి రాకముందు ఆమె ఒక పెద్ద లాండ్రీలో ఇరవై రెండేళ్లు ఇస్త్రీ చేసింది. ఆవిరికీ వేడికీ వేళ్ల కొసలు అరిగి, ఎండి, గాజులా నున్నగా అయిపోయాయి. ఫోన్ల తెరలకు అవి మనిషి వేళ్లని తోచదు. అందుకని సాసర్లో తడి స్పాంజి పెట్టుకుని, వేలు అద్దుకుని నొక్కుతుంది. నూట పన్నెండు ఫోన్లను కాపలా కాసే మనిషిని ఆ ఫోన్లే గుర్తుపట్టవని అక్క కొడుకు మొదట్లో పడీపడీ నవ్వేవాడు. కానీ పేజీలు చేసేవాళ్లకు ఆ వేళ్లు వరమయ్యాయి. ఎండు వేళ్లవాళ్లు, వణుకు వేళ్లవాళ్లు, తొందరలేని వేళ్లవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. పిన్ని నొక్కగలిగితే ఎవరైనా నొక్కగలరు. అందుకని వెళ్లేముందు, పిన్నీ, ఒకసారి దీన్ని నొక్కి పెట్టండి అని ఆమె ముందు పెడతారు.

ఆమె నొక్కి, వస్తే "వచ్చింది" అంటుంది, రాకపోతే "రాలేదు" అంటుంది. మూడో మాట ఉండదు. పేజీ బాగుందా అంటే నవ్వి ఊరుకుంటుంది. ఇది లాండ్రీలో అబ్బిన అలవాటు. అక్కడ ఎవరి చొక్కా మీద ఏ మరక ఉందో, ఏ జేబులో ఏ చీటీ ఉందో చూసినా నోరు విప్పకూడదు. ఇతరుల పేజీలు కూడా ఇతరుల బట్టల్లాంటివే అని ఆమె లెక్క.

ముప్పై దాకా తిప్పేసరికి పదిన్నర అయింది. ముప్పై ఒకటిని చేతిలోకి తీసుకుని కాసేపు అలాగే పట్టుకుంది. పొట్టి తెర, కింద ఒక గుండ్రటి మీట, మూలన గీత. సరిగ్గా ఇలాంటి ఫోనే ఇంట్లో ఆయన దగ్గర ఉంది.

ఆయన ముప్పై ఏళ్లు బస్టాండులో టైం కీపరు. ఏ బస్సు ఎన్నింటికి కదలాలో పలక మీద రాసి, ఈల వేసి పంపించేవాడు. ఆయన ఈల వేశాక ఆగిన బస్సు లేదు. నాలుగేళ్ల కిందట రెండు మూత్రపిండాలూ చేతులెత్తేశాయి. అప్పటినుంచి వారానికి మూడుసార్లు ఆసుపత్రికి పోయి, నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకుని నెత్తురు శుభ్రం చేయించుకోవాలి. తాగే నీళ్లు ఆమె సీసాలో కొలిచి పెట్టాలి. చొక్కా ఆమె తొడగాలి. ఎప్పుడు తినాలో డాక్టరు చెప్పాలి, ఎప్పుడు రావాలో వార్డు సిస్టరు చెప్పాలి. ఊరందరినీ వేళకు నడిపించిన మనిషి తన వేళల కోసం నలుగురినీ అడగాల్సి వచ్చింది. అది ఆయనకు సూది కంటే ఎక్కువ నొప్పి అని ఆమెకు తెలుసు.

మిషన్ దొరకడానికి ఇన్నాళ్లూ వార్డుకు ఫోన్ చేసి అడగాల్సి వచ్చేది. మంగళవారం నుంచి ఆ పని వెబ్ పేజీలో చేసుకోవచ్చని, ముందే ఇచ్చిన వేళలు కూడా అందులోనే ఉంటాయని నెల కిందట ఆసుపత్రి గోడకు కాగితం అంటించారు. అప్పటినుంచి ఆయన పిల్లలు సెలవుల కోసం చూసినట్టు చూస్తున్నాడు. ఈ ఉదయం కూడా మంచం మీద కూర్చుని అదే అడిగాడు, తన ఫోనులో ఆ పేజీ వస్తుందా అని. కొత్త ఫోను కొనిపెడితే డబ్బా మూత కూడా తీయకుండా తిరిగి ఇప్పించేసిన మనిషి. తన ఫోనులో ఏది ఎక్కడుందో తన వేళ్లకు తెలుసంటాడు.

వస్తుందనే అంది ఆమె. వస్తుందో రాదో తెలియదు. ఈ మధ్య నిద్ర పట్టక, ఇక నా వల్ల కాదే, చాలు అని రెండు మూడుసార్లు అన్నాడు. తర్వాత మాట్లాడుకుందాం, ముందు పడుకోండి అని ఆమె దుప్పటి కప్పింది. అలాంటివాడు ఒక పేజీ కోసం ఇంత ఉబలాటపడటం ఆమెకు కొండంత ధైర్యంగా ఉంది. ఒక్క పనైనా ఎవరినీ అడగకుండా ఆయన తన చేత్తో చేసుకోవాలి. ఆమెకు ఇంకే కోరికా లేదు.

పదకొండింటికి ఆసుపత్రి పేజీ చేస్తున్న అమ్మాయి ఒగరుస్తూ మెట్లెక్కి వచ్చింది. ఇరవై నాలుగేళ్లుంటాయేమో, చేరింది మొదటి ఉద్యోగం, ముఖం చూస్తే మూడు రోజులుగా నిద్ర లేనట్టుంది. రేపు ఉదయం ఆరింటికి పేజీ తెరవాలి, పెద్దాఫీసరు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. పద్దెనిమిది ఫోన్లు బల్ల మీద పరుచుకుని ఒక్కొక్కదాంట్లో పేజీ తెరుస్తూ కూర్చుంది. ఏ ఆసుపత్రి పేజీయో పిన్ని అడగలేదు. పేజీ తలకట్టు మీద ఉన్నది ఆయన వెళ్లే ఆసుపత్రి పేరే. అయినా తన అలవాటు ప్రకారం నోరు మూసుకుని, ముప్పై ఒకటిని కూడా తెచ్చి మిగతావాటి పక్కన పెట్టింది.

పదిహేడు ఫోన్లలో పేజీ సజావుగా వచ్చింది. పద్దెనిమిదోది ఒకటి మొరాయిస్తే అమ్మాయి అరగంటలో దారికి తెచ్చింది. పంతొమ్మిదోది ముప్పై ఒకటి. దాంట్లో రోగి నంబరు రాసే గడి వచ్చింది, తేదీ వచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు. ఉండాల్సిన రెండు బటన్లూ తెర అంచు కిందికి జారిపోయాయి, పేజీ పైకి జరగనంటోంది.

"పిన్నీ, ఇది నొక్కి చూస్తారా?"

ఆమె స్పాంజికి వేలద్ది పేజీని పైకి తోసి చూసింది. "రాలేదు" అంది. 

అమ్మాయి ఆఫీసుకు ఫోన్ చేసింది. అటునుంచి పెద్దాఫీసరు గొంతు గదంతా వినిపించింది. అలాంటి ఫోను వాడేవాళ్లు వందకు ఇద్దరుంటారట, ఆ ఇద్దరి కోసం ఆగలేమట. అమ్మాయి ఫోన్ పెట్టేసి, లాప్‌టాప్ మూయబోయి, మళ్లీ తెరిచింది. పిన్ని టీ పెట్టి తెచ్చి పక్కన పెట్టింది, అంతే. ఎందుకనో అమ్మాయి పని మొదలుపెట్టింది.

రెండున్నరకు మొదటి బటన్ పైకి వచ్చింది. "ఖాయం చెయ్యి" అని ఆకుపచ్చగా ఉంది. పిన్ని నొక్కితే మీకు మిషన్ ఖాయమైంది అని అక్షరాలు వచ్చాయి. "వచ్చింది" అంది ఆమె. ఈసారి నవ్వు ఆపుకోలేకపోయింది.

అమ్మాయి హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలింది. రెండోది, "రద్దు చెయ్యి" అనేది, ఇంకా కిందే ఉండిపోయింది. దాన్ని వచ్చే వారం చూస్తానంది. మిషన్ లేకపోతే బతకనివాళ్లు రద్దెందుకు చేసుకుంటారు పిన్నీ, ముఖ్యమైంది వచ్చేసింది గదా అని సామాను సర్దుకోసాగింది.

తొమ్మిదేళ్లలో పిన్ని ఒకరి పేజీ గురించి నోరు తెరవడం అదే మొదలు.

"అమ్మాయ్, రెండోది కూడా అందాలి."

అమ్మాయి సంచీ పక్కన పెట్టింది. పిన్ని నిలబడే చెప్పింది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు చేతులు చీర కుచ్చిళ్లకు తుడుచుకుంటూ. ఆ వార్డు బయట ఒక పొడుగాటి బల్ల ఉంది. మిషన్ దొరకనివాళ్లు తెల్లారగట్లే వచ్చి దాని మీద కూర్చుంటారు, ఎవరైనా రాకపోతే ఆ చోటు తమకు వస్తుందని. రానివాళ్లు రామని చెప్పరు. జ్వరం వచ్చిందో, ఊరెళ్లారో, చెప్పడానికి మొహమాటమో. మిషన్ ఖాళీగా ఉంటుంది, ఇస్తారేమోనని బల్ల మీదవాళ్లు కూర్చునే ఉంటారు. కాళ్లు వాచిపోయి చెప్పులు పట్టని ఒక మాస్టారు మొన్న సాయంత్రం దాకా కూర్చుని తిరిగి వెళ్లిపోయాడు.

"మా ఆయన కూడా అక్కడికే వెళ్తారు. ఆయన ఫోనూ ఇదే. రాలేని రోజు రాలేనని చెప్పుకునే వీలుండాలి గదమ్మా. అడుక్కోకుండా, ఎవరి చేతా మాట పడకుండా."

అంత మాట్లాడినందుకు ఆమె చెవులు ఎర్రబడ్డాయి. వెళ్లి ముప్పై రెండును బల్ల మీద పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. అమ్మాయి కాసేపు ఆమె వీపు వైపు చూసి, లాప్‌టాప్ మళ్లీ తెరిచింది. ఆఫీసు ఫోన్ రెండుసార్లు మోగితే ఎత్తలేదు.

నాలుగున్నరకు రెండో బటన్ తెర మీదికి వచ్చింది, మొదటిదాని కిందే, అంతే వెడల్పున. పిన్ని వేలు తడిచేసుకుని నొక్కింది. ఈ ఒక్క వేళా, అన్నీ రద్దు చేయమంటారా అని అడిగింది ఫోను. పనిచేస్తుందో లేదో చూడటానికి అన్నీ అని నొక్కింది. మీ వేళలన్నీ రద్దయ్యాయి అని వచ్చింది. మర్నాడు ఇదే పేజీ వేలమంది తెరుస్తారని, అందులో ఒక బటన్ తన మాట మీద వచ్చిందని తలుచుకుంటే ఆమెకు ఒళ్లు తేలికైపోయింది. అమ్మాయి వెళ్తూ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఆ నున్నటి వేళ్లు తగిలి ఒక క్షణం ఆశ్చర్యపోయి, మళ్లీ గట్టిగా నొక్కి వదిలింది.

సాయంత్రం ఇంటికి వెళ్తూ పిన్ని బస్సు దిగాల్సిన చోటు దాటిపోయి, ఒక స్టాపు వెనక్కి నడిచింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. చెప్పులు విప్పుతూనే జరిగిందంతా చెప్పింది, బల్ల సంగతీ మాస్టారి సంగతీ తాను అన్న మాటలతో సహా. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"అయితే రెండూ పనిచేస్తాయా నా ఫోనులో?"

"రెండూ పనిచేస్తాయి. నేనే నొక్కి చూశాను."

"నువ్వు నొక్కితే పనిచేసిందంటే ఇక తిరుగు లేదు" అన్నాడు ఆయన. చాలా రోజుల తర్వాత ఆమెను ఆటపట్టించాడు. ఆ పూట ఇద్దరూ బస్టాండు రోజుల గురించి మాట్లాడుకున్నారు, ఒక డ్రైవరు పెళ్లిబృందాన్ని పొరపాటున వేరే ఊళ్లో దింపి వచ్చిన సంగతి తలుచుకుని నవ్వుకున్నారు. ఆయన హాయిగా నిద్రపోయాడు. అది చూసి ఆమె కూడా నిద్రపోయింది.

మంగళవారం ఉదయం ఆమె టీ వడకడుతుండగా ఆయన పిలిచాడు. వంటింట్లోంచి కళ్లజోడు వెతుక్కుంటూ వచ్చింది. ఆయన ఫోనును రెండు చేతులతో ఆమె వైపు పట్టుకుని ఉన్నాడు. మీ వేళలన్నీ రద్దయ్యాయి అని ఉంది తెర మీద.

"అయ్యో, రెండోది నొక్కారండీ. ఇలా ఇవ్వండి, మళ్లీ పెడతాను."

ఆయన ఇవ్వలేదు.

"పొరపాటు కాదే. చూసే నొక్కాను."

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన నెమ్మదిగా చెప్పాడు. ఈ నెలలో రెండుసార్లు వార్డుకు ఫోన్ చేశాడట, ఇక రానని చెబుదామని. సిస్టరు గొంతు వినగానే, ఎలా ఉన్నారు బాబాయిగారూ అని ఆవిడ అడగగానే, ఎల్లుండి వస్తానమ్మా అనేసి పెట్టేశాడట. మనిషితో ఆ మాట చెప్పలేకపోయాడు. అందుకే పేజీ కోసం చూశాడు.

"నాతో చెప్పొచ్చు గదా" అంది ఆమె.

"చెప్పాను. తర్వాత అన్నావు."

ఆమెకు కోపం వచ్చింది, ఆయన మీద, ఆ అమ్మాయి మీద, అన్నిటికంటే తన నోటి మీద. తొమ్మిదేళ్లు కుట్టేసుకున్న నోరు నిన్న ఒక్కపూట ఎందుకు విప్పాలి? విప్పకపోతే ఆ బటన్ ఇంకో వారం కిందే ఉండేది. ఒక వారం దొరికేది. గిన్నెలు తోముతూ ఏడ్చింది, ఏడుస్తూనే సిస్టరుకు ఫోన్ చేసింది. సిస్టరూ డాక్టరూ సాయంత్రం ఇంటికి వచ్చి ఆయనతో గంటసేపు కూర్చున్నారు. ఎప్పుడు మనసు మారినా మిషన్ ఇస్తామన్నారు. ఆయన దండం పెట్టి, నా చోటు ఆ మాస్టారికి ఇవ్వండి అన్నాడు. నొప్పి తెలియకుండా ఉండటానికి డాక్టరు మందులు రాశాడు. పిన్ని ఇక వాదించలేదు. నీళ్లు కొలిచే సీసా తీసి బీరువా పైన పెట్టేసింది. అడిగినప్పుడల్లా గ్లాసు నిండా ఇచ్చింది. ఆయన కళ్లు మూసుకుని తాగేవాడు.

అలా తొమ్మిది రోజులు. పదో రోజు మధ్యాహ్నం ఆమె దిండు గలీబు మారుస్తుంటే, ఆయన ఒక ఊపిరి తీసుకుని, ఇంకోటి తీసుకోలేదు. గోడ గడియారం చూసింది. రెండూ ఇరవై. ఆయనైతే చూసుకునేవాడని చూసింది.

మూడు వారాల తర్వాత గది తాళం తీసింది. ఎవరూ చూడక కొన్ని ఫోన్లు చచ్చాయి, కొన్ని ఉబ్బాయి. ఉబ్బినవి తీసి, చచ్చినవాటికి తీగలు తగిలిస్తూ మధ్యాహ్నం దాకా గడిపింది. మూడింటికి ఆసుపత్రి పేజీ అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. సంగతి తెలియదు. పేజీ బాగా నడుస్తోందని చెప్పింది. రానివాళ్లు రద్దు చేస్తున్నారట, ఆ చోట్లు వెంటనే మిగతావాళ్లకు వెళ్తున్నాయట. వార్డు బయట బల్ల మీద ఇప్పుడు పొద్దున్నే ఎవరూ కూర్చోవడం లేదని సిస్టరు చెప్పిందట. మీరు ఆ రోజు అనకపోతే నాకు తట్టేదే కాదు పిన్నీ అంది.

చెబుదామా అనుకుంది. ఆ ముఖం చూసి ఊరుకుంది.

"మంచి పని చేశావమ్మా" అంది. అనేటప్పుడు అది నిజమేనని తోచింది. దాంతో బాధ తగ్గలేదు, కానీ అబద్ధం చెప్పినట్టు మాత్రం అనిపించలేదు. అమ్మాయికి టీ పెట్టి ఇచ్చింది.

ఇంటికి వచ్చి దీపం వేసి, వెనకే తలుపు మూసింది. ఇన్ని రోజులూ వచ్చేపోయేవాళ్లతో ఆ తలుపు తెరిచే ఉంది, దాని వెనక ఏముందో ఆమె చూడలేదు. మిషన్ పక్కన పడుకుంటే ఒళ్లు చల్లబడుతుందని ఆయన ఆసుపత్రికి వేసుకెళ్లే బూడిదరంగు స్వెట్టరు కొక్కేనికి వేలాడుతోంది. సూది గుచ్చేటప్పుడు విప్పనక్కర్లేకుండా, దాని ఎడమ చేతిని నిలువునా కోసి ఆమే కుట్టిన జిప్పు, మణికట్టు నుంచి భుజం దాకా వేసే ఉంది.